అద్దె లేని సూటు: సియోల్‌లో ఇంటర్వ్యూ బట్టల సేవ ఎలా ఉంది?

ఉద్యోగాల వేటలో ఉన్న యువతకు సియోల్ నగర ప్రభుత్వం 2016 నుంచి ఇంటర్వ్యూ బట్టలు ఉచితంగా ఇస్తోంది. సేవ పేరు ‘చ్వియప్ నల్గే’, అంటే ఉద్యోగ రెక్కలు. కోటు, ప్యాంటు, చొక్కా, టై, బెల్టు, బూట్లు అన్నీ దొరుకుతాయి. తీసుకున్న ప్రతిసారీ మూడు రాత్రులు, నాలుగు పగళ్లు ఉంచుకోవచ్చు. ఏడాదికి పదిసార్లు. అమ్మాయిలకూ ఇస్తారు కానీ, ఇక్కడ చూస్తున్నది మగవాళ్ల సూట్లనే.

ముందు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని, ఆ టైముకి బట్టలిచ్చే షాపుకెళ్లి తొడిగి చూసుకోవాలి. కోటు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. అది జారితే ఇంకేం సర్దినా లాభం లేదు, ఒక సైజు తగ్గించి అడగండి. చొక్కా చేతులు కోటు బయటికి ఒక సెంటీమీటరు కనబడాలి. బూట్లు వేసుకుని నాలుగడుగులు నడవందే తీసుకోవద్దు.

చిక్కల్లా తేదీలతోనే. సోమవారం మధ్యాహ్నం ఇంటర్వ్యూకి శుక్రవారమే సూటు తెచ్చుకుంటే గడువు ఆ సోమవారంతోనే అయిపోతుంది. శనివారం తీసుకోవడం మేలు. షాపు సెలవు ఎప్పుడో కూడా ముందే చూసుకోండి.

ఒకప్పుడు పెద్ద కంపెనీలు ఏటా ‘గొంగ్‌ఛే’ పేరుతో కొత్త ఉద్యోగులను ఒకేసారి మందగా తీసుకునేవి. హ్యుందాయ్ 2019లో, ఎల్‌జీ 2020లో దాన్ని ఆపేశాయి. ఇప్పుడు చాలాచోట్ల ఖాళీ ఎప్పుడొస్తే అప్పుడే పిలుపు. అందుకే పదిసార్లనే పరిమితి ఉదారంగానే కనిపించినా, రెండు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టే కంపెనీలు నాలుగైదు తగిలితే ఇట్టే అయిపోతుంది.

1997 చివర్లో ఆర్థిక సంక్షోభంలో పడి దక్షిణ కొరియా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అప్పు తీసుకున్నాక, 1998 ఫిబ్రవరిలో చట్టం మార్చి లేఆఫ్‌లకు దారి తెరిచారు. పని పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ సూటేసుకుని బయల్దేరి కొండల్లో పొద్దుపుచ్చిన తండ్రులు ఆ కాలపు మనుషులు. ఇల్లు నడిపేవాడే మగాడన్న లెక్క మాత్రం చెరగలేదు. జీవితకాలపు ఉద్యోగం పోయింది. ఉద్యోగస్థుడిలా కనబడే ఖర్చు అభ్యర్థి నెత్తిన పడింది. ఆ ఖర్చులో కొంత ఈ సేవ మోస్తుంది. అంతవరకు బాగుంది.

పిలుపులో ‘మీకు నచ్చిన దుస్తులు’ అని ఉంటే మాత్రం ఇక్కడికి రావడం దండగ. హ్యుందాయ్ ప్రధాన కార్యాలయమే 2019లో సూటు నిబంధన ఎత్తేసింది. అలాంటి చోటికి కావాల్సిన మామూలు కోటు, ప్యాంటు సొంతంగానే కొనుక్కోవాలి.