వెనక డ్రమ్ము బ్రేకులే ఉంచాల్నా, డిస్కులు వేయించాల్నా?

మా బామ్మర్ది పాత జీపుకు ముంగట డిస్కులు ముందుగాలనే ఉన్నయ్. 31 ఇంచుల టైర్లేసి లిఫ్ట్ చేయించినంక, అంటే బండి ఎత్తు పెంచినంక, బ్రేకులు సరిపోతలేవని వెనక డ్రమ్ములు పీకిచ్చి అక్కడ గూడ డిస్కులు వేయించిండు. ములుగు కెళ్లి హన్మకొండ వస్తుంటే తుంపర పడుతుంది, బర్రె అడ్డమొచ్చింది, బ్రేక్ తొక్కంగనే వెనక టైర్లు ముందుగాల లాకై, అంటే తిరుగుడు ఆగిపోయి, బండి రోడ్డుకు అడ్డం తిరిగింది. బర్రె మాత్రం నిమ్మళంగ దాటిపోయింది.

డిస్కులది తప్పు కాదు, లెక్క చూడకపోవుడు తప్పు. బ్రేక్ కొట్టంగనే బరువు ముంగటికి ఒరుగుతది, లిఫ్ట్ చేస్తే ఇంకింత ఒరుగుతది, ఖాళీ జీపుకు వెనక ఉండేదే తక్కువాయె. అందుకే ముంగటివే జర ముందు లాకవ్వాలె. అవి లాకైతే స్టీరింగ్ పనిచెయ్యదు గని బండి సీదా పోతది, వెనకవి ముందు లాకైతే తోక ముంగటికొస్తది.

బురదల, నీళ్లల డిస్కే మేలు, దాంట్ల వాదన లేదు. ఏటూరునాగారం దిక్కు వాగులు దాటేటోళ్లకు ఎరుకే, డ్రమ్ముల్లకు నీళ్లు పోతే నాలుగైదు సార్లు తొక్కితే గని పట్టదు, బురద లోపల జేరితే డ్రమ్మును లోపల్నుంచి ఒత్తే షూలు గీసుకపోతయ్. కని డ్రమ్ముల షూను తిరిగే డ్రమ్మే గుంజుకుంటది, తక్కువ ప్రెషర్‌కే పట్టు దొరుకుతది, హ్యాండ్ బ్రేక్ గూడ దాంట్లనే వస్తది. డిస్కులేస్తే హ్యాండ్ బ్రేక్ ఉన్న కాలిపరే (ప్యాడ్లను డిస్కుకు ఒత్తేది) వెతుక్కోవాలె. కొన్ని పాత జీపులకు హ్యాండ్ బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముంగటి, వెనక టైర్లకు బలం పంచే గేర్ల డబ్బా) వెనక ఉంటది, వాళ్లకు ఈ తిప్పల లేదు.

ఇంకో ఖర్చు మాస్టర్ సిలిండర్, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది. కాలిపర్లకు ఆయిల్ ఎక్కువ కావాలె, చిన్న సిలిండరైతే పెడల్ కిందికి పోతది. పెద్దది పెడదామంటే, 7/8 ఇంచు బోర్‌ది (లోపలి వెడల్పు) తీసి 1 ఇంచుది వేస్తే అదే కాలి బలానికి ప్రెషర్ పావు వంతుకు దగ్గర తగ్గుతది, పెడల్ గట్టిపడుతది. డ్రమ్ముల లైన్ల 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వ్ (పెడల్ వదిలినంక గూడ కొంత ప్రెషర్ ఆపిపెట్టేది) ఉంటే తీసెయ్యాలె, లేకుంటే ప్యాడ్లు వదలకుండ రాసుకుంట కాలుతయ్.

ఇగ వెనక లైనుకు అడ్జస్టబుల్ ప్రపోర్షనింగ్ వాల్వ్ తప్పదు, అది వెనక ప్రెషర్ తగ్గిస్తదే గని పెంచది. బండితోని వచ్చిన పాత ప్రపోర్షనింగ్ వాల్వ్ అట్లనే ఉంచి దీన్ని కలిపితే రెండూ కొట్లాడుకుంటయ్. వాల్వ్ తిప్పుకుంట ఖాళీ జాగల, టూ హెచ్‌లనే (వెనక టైర్లకే ఇంజన్ బలం పోయేటట్టు), బండిల లోడు లేకుండ, ఎండిన తారు మీద చూడాలె, ఎందుకంటే గట్టిగ పట్టినప్పుడే వెనక బాగ తేలికైతది. తర్వాత తడి మీద గూడ ఒకసారి చూడండి. బయట నిలబడ్డ మనిషి ఏ టైరు ముందు ఆగిందో చెప్పాలె. ఫోర్ బై ఫోర్ లాకేసి చూస్తే ముంగట వెనక షాఫ్టులు కలిసే తిరుగుతయ్, అసలు తేడా బయటపడదు.

నన్నడిగితే ముంగటి డిస్కులకు మంచి ప్యాడ్లు, వెనక డ్రమ్ములు విప్పి కడిగి అడ్జస్ట్ చేసుడు, ఇంతకే చాలామంది తిప్పల తీరుతది. వానకాలం అంత వాగుల్లనే తిరిగేటోళ్లు డిస్కులేసుకోండి, వాల్వ్ పైసలు కలిపి లెక్కేసుకోండి. ఏబీఎస్ (టైర్లు లాక్ కాకుండ చూసేది), ఈబీడీ (ముంగటికి, వెనక్కి బ్రేక్ పంచేది) ఉన్న కొత్త బండ్లకైతే ఈ వాల్వ్ జోలికే పోవద్దు, వెనక ఎంత పట్టాల్నో అదే చూసుకుంటది.

బామ్మర్ది వాల్వ్ పెట్టిచ్చిండు, బండి ఇప్పుడు సీదాగ ఆగుతది. హ్యాండ్ బ్రేక్ మాత్రం ఇంకా కాలేదు, ఏటవాలు మీద ఆపినప్పుడల్ల దిగి టైరు కింద రాయి పెడుతుండు.