కుక్కకి దురద షాంపూ కొంటున్నారా? ముందు పది నిమిషాలు దొరుకుతాయేమో చూసుకోండి

ముందే చెప్పేస్తున్నాను, ఈ షాంపూ ఎలర్జీని తగ్గించదు. సీసా ముందు వైపు "దురద నుంచి ఉపశమనం" అని పెద్దపెద్ద అక్షరాలు. వెనక చీమతలకాయంత అక్షరాల్లో క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, మైకోనజోల్ 2 శాతం. నమ్మాల్సింది ఆ వెనకదాన్నే. మొదటిది ముఖ్యంగా బాక్టీరియా పని పడుతుంది, రెండోది ఫంగస్ పని. మీ కుక్క ఒంటి మీద ఆ రెండూ లేకపోతే ఈ సీసాతో మీకు పెద్దగా పని లేదు.

మాది షిట్జు. పేరు గుండు. దురద మొదలయ్యాక వెంట్రుకలు పొట్టిగా కత్తిరించాం కాబట్టి ఇప్పుడు పేరుకి న్యాయం జరిగింది. ముందరి పాదాలు నాకీ నాకీ తెల్లటి వెంట్రుకలు ఇటుక రంగుకి తిరిగాయి. చంకల్లో, గజ్జల్లో ఎరుపు. పొట్ట కింద చర్మం మందంగా, జిడ్డుగా తగిలేది. దగ్గరికి తీసుకుంటే ఒకటే ముక్కిన వాసన. రాత్రిళ్లు వెనక కాలితో చెవి గోక్కుంటుంటే ఆ కాలు మంచం కోడుకి తగిలి టకటకమని చప్పుడు. చూసినవాళ్లంతా "గజ్జి అయ్యుంటుంది" అనేవాళ్లు.

గజ్జి కాదు. డాక్టరమ్మ సన్నపళ్ల దువ్వెనతో దువ్వి ఫ్లీస్ అనే రక్తం తాగే పురుగులు ఉన్నాయేమో చూశారు. చర్మం గీకి గజ్జి పురుగుల కోసం వెతికారు. జిడ్డుగా ఉన్నచోట టేపు అంటించి తీసి మైక్రోస్కోపులో పెడితే దొరికింది మాలసేజియా అనే ఈస్ట్, అంటే ఒకరకం ఫంగస్. ఇది మామూలుగా కుక్కల చర్మం మీద కొద్దిగా ఉండేదేనట. పుప్పొడో, దుమ్ములోని సూక్ష్మ పురుగులో పడక ఎలర్జీతో చర్మం వాచినప్పుడు ఇది విపరీతంగా పెరుగుతుంది. పెరిగాక దానివల్ల మళ్లీ దురద. అంటే దురద మీద దురద. షాంపూ ఆ పైన చేరిన దురదకి. అడుగున ఉన్న అసలుదానికి వేరే మందు ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక వాడకం. నురగ పెట్టి పది నిమిషాలు ఉంచాలి. ఈ ఒక్క ముక్క సరిగ్గా పాటిస్తే షాంపూ పనిచేస్తుంది, లేకపోతే డబ్బు నీళ్లతో పాటు తూములోకి పోతుంది. పది నిమిషాలంటే గడియారం చూసి పది నిమిషాలు. గుండు నిలబడే ఆ కాసేపూ మనకి యుగంలా ఉంటుంది. నురగ నాకకుండా ఒకరు గడ్డం పట్టుకోవాలి, ఇంకొకరు కాళ్ల వేళ్ల సందుల్లో రుద్దాలి. మొదటిసారి మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఏమే, స్నానం దానికా నీకా?" అన్నారు. "మీరు ముందు దాని తల పట్టుకోండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. అప్పటి నుంచి తల డ్యూటీ ఆయనదే.

నేను పాదాలు, చంకలు, గజ్జలతో మొదలుపెట్టి వీపు చివర్లో రుద్దుతాను. బాధ ఎక్కువున్న చోట మందు ఎక్కువసేపు ఉంటుంది కదా. ఒళ్లు మరీ మట్టిగా ఉంటే ముందు మామూలు కుక్కల షాంపూతో కడుగుతాను, కానీ ఆ సబ్బు జిగురు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోస్తాను. చాలా సబ్బుల్లో ఉండే పదార్థాలు క్లోర్‌హెక్సిడిన్‌ని పనిచేయనివ్వవు. నీళ్లు గోరువెచ్చగా చాలు, వేడెక్కువైతే దురద పెరుగుతుంది. చిన్న కుక్కకి చలి తొందరగా పడుతుంది కాబట్టి ఆ పది నిమిషాలూ వీపు మీద తువ్వాలు కప్పి ఉంచుతాం. కళ్లలో మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు, క్లోర్‌హెక్సిడిన్ కంటి ముందుండే పారదర్శక పొరని (కార్నియాని) దెబ్బతీస్తుంది. చెవి లోపలికీ పోనివ్వకండి. కర్ణభేరి చిరిగి ఉంటే వినికిడే పోవచ్చు. చెవులకి వేరే మందు ఉంటుంది, అది డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. ఆఖర్న తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ల సందుల్లో తడి మిగిలితే ఈస్ట్‌కి మళ్లీ పండగే.

వారానికి రెండుసార్లు చొప్పున చేశాం. ముందు పోయింది వాసన. తర్వాత జిడ్డు. చంకల్లో ఎరుపు నెమ్మదిగా గులాబీ రంగుకి దిగింది. పాదాల ఇటుక రంగు మాత్రం వెంటనే పోదు. అది ఉమ్మి మరక, కొత్త వెంట్రుకలు వచ్చేదాకా ఉంటుంది. దాన్ని చూసి షాంపూ పనిచేయలేదని తిట్టకండి. మా ఇంట్లో ఆ తిట్లు కూడా అయ్యాయి, ఆయన నోటి నుంచి.

అయితే నాకడం సగమే తగ్గింది. అక్కడే ఈ షాంపూ హద్దు. మిగతా సగానికి డాక్టరమ్మ ఓక్లాసిటినిబ్ మాత్ర రాశారు. ఒంట్లో దురద కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్ 31 లాంటి ప్రోటీన్ల పనిని అది అడ్డుకుంటుంది, గంటల్లోనే తేడా తెలుస్తుంది. నిజం చెప్పాలంటే గుండు ఆ రాత్రే నిద్రపోయింది. కానీ ఏడాది నిండని కుక్కలకి అది ఇవ్వరు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడూ ఇవ్వరు. మాత్ర కుదరనివాళ్లకి లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ ఉంది, ఒకసారి పొడిస్తే సుమారు నెల పనిచేస్తుంది. ఇవేవీ మనంతట మనం కొని వేసేవి కావు. తిండివల్ల వచ్చిన ఎలర్జీ అని అనుమానముంటే దారి వేరు. డాక్టరు చెప్పిన ఒకే రకం తిండితో దాదాపు రెండు నెలలు, మధ్యలో ఒక్క బిస్కెట్ కూడా లేకుండా గడపాలి. రక్తపరీక్షతో అది నమ్మకంగా తేలదు.

దీనికంటే ముందు ఓట్స్ షాంపూ వాడాం. చెడ్డదేం కాదు, పొడిబారిన చర్మానికి హాయిగా ఉంటుంది, కాకపోతే ఈస్ట్‌ని అది కదిలించలేదు. ఇప్పుడు ఈ మందు షాంపూ చర్మాన్ని ఎండబెడుతోంది కాబట్టి, కడిగేశాక ఓట్స్ లోషనే పలచగా రాస్తున్నాను. రెండూ కలిసి పనిచేస్తున్నాయి. టీ ట్రీ నూనె రాయమని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. నాకితే చిన్న కుక్కలకి అది విషం. మన ఒంటికి రాసుకునే క్రీములూ వద్దు.

వీపు మీద చుక్కల మందు వేసేవాళ్లకి ఇంకో మాట. ఫ్లీస్‌కో, పిడుదులకో వేసే ఆ మందుకీ ఈ స్నానానికీ కనీసం రెండ్రోజుల ఎడం ఉంచండి, లేకపోతే అది కొట్టుకుపోతుంది. మేం ఈ గొడవ లేకుండా నమిలే మాత్రకి మారాం.

అయిదు నక్షత్రాలకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తీసేసింది మందు గురించి కాదు, సీసా గురించి. తడి చేత్తో మూత తెరుచుకోదు, తెరుచుకుంటే ఆగదు. నురగ కూడా తక్కువే, అందుకని తెలియనివాళ్లు ఇంకా ఇంకా పోస్తారు. పైగా "తగినంత తీసుకోండి" అని రాశారు. ఎవరికి తగినంత? అరచేయంత కుక్కకీ, దూడంత కుక్కకీ ఒకటే తగినంతా? నేను మగ్గులో కొంచెం షాంపూ నీళ్లతో కలిపి స్పాంజితో రుద్దుతున్నాను. గుండుకి అది సరిపోతోంది, సీసా కూడా త్వరగా అయిపోవడం లేదు.