బిల్లింగ్ బాగుంది, క్యాలెండరే కొంప ముంచింది (5కి 3)

భీమవరంలో మాది రొయ్యల మేత డీలర్‌షిప్, రాజోలులో బ్రాంచి ఉంది. 2023 నుంచి ఓ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, పేరు ఎందుకులెండి. బిల్లులు, స్టాక్, జీఎస్టీ అన్నీ సాఫీగానే నడుస్తాయి. గొడవంతా సెలవుల దగ్గరే.

మేత అరువు మీద పోతుంది, గడువు సెలవు రోజున పడితే మర్నాటికి జరగాలి. మొదట్లో ఇందులో ఆదివారం సెలవని బిగించేసి ఉండేది, తీయడానికి లేదు. రొయ్యకి ఆదివారం ఆకలేయదా? మేం ఆదివారం తెరుస్తాం, హమాలీలు బస్తా ముట్టని అమావాస్య రోజు మూస్తాం. ఆ అమావాస్య ఒక వారానికీ తేదీకీ కట్టుబడదు కదా, వీళ్ళ దగ్గరేమో ప్రతి వారం, లేదా ఏటా అదే తేదీ, ఈ రెండే ఉన్నాయి. 2024లో భోగి, సంక్రాంతి, కనుమ 14, 15, 16 అని ఎక్కించాం. 2025లో అవి 13, 14, 15కి వచ్చేసరికి సరిగ్గా భోగి పొద్దున్నే రైతులకి బాకీ మెసేజ్‌లు వెళ్ళాయి. "మీ బిల్లు కూడా మంటలో వేసేయమంటారా అండీ" అని ఒకాయన ఫోను.

రెండు బ్రాంచీలకీ ఒకటే క్యాలెండర్. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థమని రాజోలులో మూస్తాం, ఇక్కడ తెరిచే ఉంటాం. బ్యాంకు సెలవులు మళ్ళీ వేరు. రెండో, నాలుగో శనివారాల్లో చెక్కు కదలదు, ఆన్‌లైన్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి డబ్బు పంపే నెఫ్ట్ మాత్రం 2019 డిసెంబర్ నుంచి రోజంతా, సెలవుల్లో కూడా నడుస్తోంది. ఇవన్నీ ఒకే జాబితాలో ఎలా కుక్కుతాం?

వీటికి సర్దుకున్నాం. ఈమధ్య అప్‌డేట్‌లో ఆదివారం తీసే ఆప్షన్ ఇస్తే సంబరంగా తీశాను. అంతే, పాత బిల్లుల గడువులు కూడా సోమవారం నుంచి ఆదివారానికి జరిగిపోయి, ఎప్పుడో సోమవారం కట్టేసిన వాళ్ళ ఖాతాల్లో ఒక రోజు వడ్డీ లేచింది. రైతు చేతిలో కాగితం మీద ఒక తేదీ, స్క్రీన్ మీద ఇంకోటి! బిల్లు కొట్టినప్పుడే గడువు తేదీ రాసి పెట్టుకోవాలి గానీ చూసినప్పుడల్లా క్యాలెండర్‌ని అడిగి లెక్కకడతారా? మార్పు ఏ తేదీ నుంచి అమలో కూడా అడగదు. సపోర్ట్ కుర్రాడు "క్యాలెండర్ ముట్టుకోకండి సార్" అన్నాడు.

ప్రస్తుతం గడువులు ఎక్సెల్‌లో వేస్తున్నా. సెలవులు దాటేసి పనిరోజు తేదీ చెప్పే వర్క్‌డే.ఇంటల్ (WORKDAY.INTL) ఫార్ములాలో వారపు సెలవు లేదని రోజుకొకటి చొప్పున ఏడు సున్నాలు పెట్టి, గడువుకి ముందు రోజు ఇచ్చి ఒక పనిరోజు కలపమంటే చాలు. సెలవుల జాబితా బ్రాంచికొకటి, ఉగాదికి పంచాంగం రాగానే నేనే ఎక్కిస్తా. మార్చిలో రెన్యువల్ ఉంది, పాత బిల్లుల సంగతి అప్పటికి సరిచేస్తేనే డబ్బు కడతాం.