సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొన్నాను, ముందు దాని కిందకి దూరి చూశాను

మాది బెంగళూరులో కేఆర్ పురం. మిద్దె తోటలు వేసుకునేవాళ్లకి ఎర్రమన్ను, వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు ఇటుకలు అపార్ట్‌మెంట్లకి తోలుతుంటాను. ట్రిప్పుకి ఇంత అని అద్దె బండికి కట్టీ కట్టీ విసుగొచ్చి, పోయిన దసరా ముందు సొంతంగా ఒక పాత టాటా ఏస్, అదే ఛోటా హాథీ, తీసుకున్నాను. 2014 మోడల్, లక్షా ఎనభై అయిదు వేలు. ఎనిమిది నెలలు నడిపాను కాబట్టి ఇక రాయొచ్చు.

కొన్న బండి కన్నా ముందు, వద్దనుకుని వదిలేసిన బండి సంగతి చెప్పాలి.

అది ఒక యార్డులో చూశాను. తెల్లగా మెరుస్తోంది, కొత్త సీటు కవర్లు, ముందు నిమ్మకాయా మిరపకాయలూ. లక్షా అరవై అన్నారు. నాకైతే అప్పుడే మనసులో కొనేసినట్టే అయింది. అక్కడి నుంచే మిషిగన్‌లో ఉన్న మా తమ్ముడికి వీడియో కాల్ చేశాను. వాడికీ పాత పికప్ పిచ్చి ఉంది. చలికాలంలో దాని ముందు బ్లేడు తగిలించి ఇరుగుపొరుగు ఇళ్ల ముందు మంచు తోస్తుంటాడు. "అక్కా, పెయింటు నాకెందుకు? కింద పడుకుని ఛాసిస్, అదే బండి కింది ఇనుప చట్రం, చూపించు" అన్నాడు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు పట్టి, పైన తళతళలాడే బండి కూడా కింద చెదలు తిన్న దూలంలా అయిపోతుందట. "బెంగళూరులో ఉప్పెక్కడిదిరా!" అని నవ్వాను. నవ్వుతూనే చున్నీ నడుముకి చుట్టుకుని, గోనెసంచి పరుచుకుని దూరాను.

కిందంతా తాజాగా కొట్టిన నల్ల పెయింటు. వెనక కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పెయింటు అప్పడంలా పెచ్చు లేచి, ఎర్రటి తుప్పు పొడి నా ముఖం మీద రాలింది. ఇంకోసారి పొడిస్తే మొన లోపలికే దిగిపోయింది. కేబిన్‌లో సెంటు డబ్బా ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. తొట్టి మూలల్లోంచి నీచు వాసన! చేపల పెట్టెలు తోలిన బండి. ఐసు కరిగి కారిన ఉప్పు నీళ్లన్నీ ఏళ్ల తరబడి ఆ ఇనుమే తాగింది. "ఒక వెల్డింగ్ కొడితే అయిపోతుంది మేడమ్" అన్నాడు యార్డు అబ్బాయి. బండ్ల వివరాలుండే సర్కారు వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ కూడా ఇంకా తీరలేదని తేలింది. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ ఏవయ్యా అంటే "రెండు రోజుల్లో ఇప్పిస్తాం" అన్నాడు. దులుపుకుని వచ్చేశాను.

రెండోది హొసకోటలో కూరగాయలు తోలే ఆయన బండి. మా మెకానిక్ పెద్దాయన "పొద్దున ఆరింటికల్లా పోదామమ్మా, వేడి మీద ఏ ఇంజనైనా బాగానే పలుకుతుంది" అన్నారు. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టించి, ఆయిల్ పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టారు. అక్కడ పొగ తన్నుతుంటే ఇంజన్ బోరుకి వచ్చినట్టట, అంటే లోపల అరిగిపోయి విప్పి బాగుచేయించాల్సిందే. నన్నూ పెట్టి చూడమన్నారు. సన్నగా ఊపిరి తగిలినట్టు తగిలింది, అంతే. కింద తుప్పు ఉంది కానీ పైపైనే. స్క్రూడ్రైవర్ టంగుమంది.

తీసుకున్నాక క్లచ్ ప్లేటు, రెండు టైర్లు, వెనక ఒక కమాన్ పట్టీ కలిపి 31 వేలు అయింది. కూరగాయలాయన బాగా వాడుకున్నాడు, వయసూ అయింది, దాన్నేం అనలేను. సామాను మాత్రం బెంగళూరు స్పేర్ పార్టుల బజారు జేసీ రోడ్డులో అడిగిన వెంటనే దొరికింది. 2005 నుంచి రోడ్ల మీదున్న బండి కావడం వల్ల ఆ సుఖం ఉంది.

ఇక నడపడం సంగతి. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. నిలబెట్టినప్పుడు సీటు కింద పిండి మిల్లు ఆడుతున్నట్టే. గేర్లు నాలుగే. లోడుతో కేఆర్ పురం తీగల వంతెన ఎక్కుతుంటే వెనక హారన్లు మోగుతాయి, మోగనీ అని నేను సెకండ్ గేరులోనే పోతాను. నలభై కేజీల మన్ను బస్తాలు పదహారు వేస్తాను. వానకి తడిస్తే అదే బస్తా యాభై దాటుతుంది, అప్పుడు పన్నెండుతో ఆపేస్తాను. ఇరుకు గల్లీల్లో, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లలో తిప్పడం మాత్రం హాయి. పెద్ద పికప్ అయితే గేటు దగ్గరే దించి మోయాలి.

కాగితాల మాట. ఫారం 29, 30 పెట్టాక పేరు మారడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇన్సూరెన్స్ మాత్రం 14 రోజుల్లోపే మన పేరుకి మార్చమని అడగాలి. ఎనిమిదేళ్లు దాటిన పసుపు బోర్డు (కిరాయికి తిప్పే) బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి, కొనేటప్పుడు ఎన్ని నెలలు మిగిలిందో చూసి బేరం ఆడండి. నాకు నాలుగు నెలలే మిగిలిందని ఏడు వేలు తగ్గించాడు. మూడు టన్నుల లోపు బండి కాబట్టి పర్మిట్ గొడవ లేదు. కారు లైసెన్సుతో తోలొచ్చా అని అందరూ అడుగుతారు. తోలొచ్చు, 7,500 కేజీల లోపు బండ్లకి అది చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా ఆడమనిషి పసుపు బోర్డు బండి దిగితే సెక్యూరిటీ వాళ్లు ఇప్పటికీ "డ్రైవర్ ఎల్లి?" (డ్రైవర్ ఎక్కడ?) అని కన్నడలో అంటారు.

జనవరిలో తమ్ముడు ఫోటో పంపాడు. ముందు బ్లేడు బరువుకి వెనక చక్రాలు జారుతున్నాయని తొట్టి నిండా ఇసుక బస్తాలు పేర్చుకున్నాడు. "నేను దించలేక చస్తుంటే నువ్వు ఊరికే మోస్తున్నావా" అని నా ఎర్రమన్ను బస్తాల ఫోటో పంపాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ తగ్గిన దాంట్లో అర హ్యాండ్ బ్రేకుది. కేబుల్ సాగిపోయింది, ఈ ఆదివారం మార్పించాలి. అప్పటిదాకా సీటు వెనక ఒక గుండ్రాయి పెట్టుకుని తిరుగుతున్నాను.