తూపిలిపాళెం ఒడ్డున 13 అడుగుల రాడ్డు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఒడ్డున నిలబడి సముద్రంలోకి గాలం వేసే రాడ్డు కొనాలనుకునేవారికి ముందుగా ఒక మాట. అమ్మేవాళ్లు చెప్పే దూరానికి డబ్బు పోయకండి. రీలుకు, దారానికి పెట్టండి. నా దగ్గరున్నది మూడు ముక్కలుగా విడదీసే 13 అడుగుల కార్బన్ రాడ్డు, 6000 సైజు రీలు. 100 నుంచి 150 గ్రాముల సీసం గుండును మోయగలదని రాడ్డు మీద రాసి ఉంటుంది. 150 గ్రాములు కడితే విసిరేటప్పుడు నడుము దగ్గర బరువుగా వంగి, తిరిగి లేవడానికి బద్ధకిస్తుంది. 100 నుంచి 120 గ్రాముల మధ్యే దానికి హాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం కలిసివచ్చింది. అయినా నగరంలో ఉండేవాళ్లకు అది పక్కవీధి కాదు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటి తూపిలిపాళెం చేరడానికి వంద కిలోమీటర్లకు పైనే పడుతుంది. తెల్లవారేసరికి ఒడ్డున ఉండాలంటే అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి. అందుకే రాడ్డు మూడు ముక్కలది కావడం పెద్ద సౌకర్యం. ఒక్కో ముక్క నాలుగున్నర అడుగుల లోపే ఉంటుంది కాబట్టి కారు వెనక సీట్లో అడ్డంగా పడుతుంది. గొట్టంలో గొట్టం దూరే మడత రాడ్డు ఇంకా పొట్టిగా మడుస్తుంది, ధర కూడా తక్కువే. మా బావ అదే వాడతాడు. ఇసుక రేణువు ఒక్కటి అతుకులోకి దూరితే చాలు, ఇంటికి వచ్చాక ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగినా ఊడదు. చెరువు గట్టున అది సరిపోతుంది, ఇసుక ఎగిరే తీరంలో మాత్రం వద్దు.

ఇక దూరం సంగతి. నా రీలుకు చుట్టింది రంగులు మారే అల్లిక దారం. ప్రతి 10 మీటర్లకు ఒక రంగు మారుతుంది కాబట్టి గాలం ఎంత దూరాన పడిందో, చేప ఎక్కడ అందుకుందో లెక్క తెలుస్తుంది. బాగా విసిరితే ఎనిమిదో రంగు, తొమ్మిదో రంగు దాకా వెళుతుంది. నాకు చేపలు ఎక్కువగా తగిలింది మూడు, నాలుగు రంగుల మధ్యనే. కారణం ఆ ఇసుకలోనే కనిపిస్తుంది. ఒడ్డుకు సమాంతరంగా నీటి కింద ఒక ఇసుక తిన్నె, దానికీ ఒడ్డుకూ నడుమ కాలువలాంటి పల్లం ఉంటాయి. అల తిన్నె మీద విరిగి తెల్లగా నురగ కక్కుతుంది, పల్లం మీదికి వచ్చేసరికి మళ్లీ నునుపవుతుంది. ఇసుకలోంచి లేచిన పురుగులు, చిన్న పీతలు, రొయ్యలు ఆ పల్లంలోనే పోగవుతాయి. వాటి కోసం చేపలూ అక్కడికే వస్తాయి. తిన్నె అవతలికి విసిరితే ఎర బోడి ఇసుక మీద పడి ఉంటుంది.

ఈ విషయం అక్కడి పట్టపు (మత్స్యకార కులం) పెద్దాయన ఒకాయన నాకంటే క్లుప్తంగా చెప్పాడు: “అల ఎక్కడ విరగలేదో చూడు బాబూ, అక్కడ వెయ్యి.” ఒడ్డున నిలబడి లాగే అలివి వల లాగి చేతులు కాయలు కాసిన మనిషి. నా రాడ్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత పొడుగు దేనికని నవ్వాడు. పొడుగుకు ఉపయోగం దూరం కాదు. ఒడ్డున విరిగే అలలకు అందకుండా దారాన్ని ఎత్తి పట్టడానికే ఆ అడుగులన్నీ. 9 అడుగుల రాడ్డుతో అదే పల్లంలోకి వేస్తే ప్రతి అలా దారాన్ని ఈడ్చి, గుండును ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది.

ఆ తిన్నెలో అక్కడక్కడా గండి ఉంటుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా ఆ గండిలోంచే వెనక్కి పోతుంది. అలలు లేకుండా, రంగు కాస్త ముదురుగా, నురగ సముద్రంలోకి తేలిపోతూ కనిపించే చోటు అదే. గండి అంచున ఎర వేయడం మంచి పద్ధతి. ఎదురుగా నీళ్లలోకి దిగడం మాత్రం ప్రాణాంతకం, మనిషినీ అలాగే లాక్కుపోతుంది. నేను మోకాలి లోతు దాటి దిగను. బయలుదేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే పెద్ద అలల హెచ్చరిక చూసుకుంటాను. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో దూరాన పుట్టిన ఉప్పెన అలలు ఒడ్డును ముంచెత్తే రోజులుంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉరుము వినబడితే రాడ్డు కింద పడుకోబెట్టి దూరంగా వెళ్లడమే. కార్బన్‌లో కరెంటు పారుతుంది.

పోటుపాట్లకు పంచాంగం చాలు. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో నీటి కదలిక ఎక్కువ, అష్టమికి తక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోటుల తేడా 10 మీటర్ల దాకా ఉంటే మన తీరంలో అది మీటరు అటూ ఇటూ. అందుకే ఇక్కడ పోటు పట్టికకంటే గాలి దిశ ముఖ్యమని నా అభిప్రాయం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం పూట పడమటి గాలి వీపు మీద వీస్తుంది, అలలు అణిగి ఉంటాయి, విసరడం సులువు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ముఖానికి తిరుగుతుంది. అప్పుడు తట్టాబుట్టా సర్దుకోవచ్చు.

ఎర విషయంలో తాజా రొయ్యకు మించింది లేదు. కానీ మెత్తన, విసిరినప్పుడు ఊడిపోతుంది. సాగే సన్నని దారంతో నాలుగు చుట్లు చుడితే నిలుస్తుంది. కవళ్లనే చిన్న చేపల ముక్కకు జెల్లలే ఎక్కువ ఎగబడతాయి.

చేప తగిలిన తీరు ఒక్కోదానిది ఒక్కో రకం. జెల్ల అయితే రాడ్డు కొస టకటకమని వణికి ఆగుతుంది, మళ్లీ వణుకుతుంది. మాగ అలా కాదు. గొంతు కింద ఉండే నాలుగు పోగుల మీసాలతో బురద నీటిలో తడుముకుంటూ వచ్చి ఎర అందుకుని, చాలాసార్లు ఒడ్డువైపే ఉరుకుతుంది. వంగి ఉన్న కొస ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, దారం వదులై అల మీద వేలాడుతుంది. దారం తెగిందేమోనని నిలబడి చూస్తే చేప పోతుంది. వెనక్కి నడుస్తూ గబగబా చుట్టాలి. ఇక్కడే రీలు పనితనం బయటపడుతుంది. ఒక్క తిప్పుకు 90 సెంటీమీటర్లకు పైగా చుట్టేది ఉంటేనే ఆ వదులు అందుతుంది. గొరక పడితే బయటికి తీసిన వెంటనే గుర్రుగుర్రుమంటుంది, పిల్లలు వెంట ఉంటే వాళ్లకు అదొక వేడుక.

వానల తర్వాత స్వర్ణముఖి మొగ దగ్గర ఎర్రనీరు సముద్రంలో కలిసే చోట పండుగప్ప కోసం అందరూ ఎదురుచూస్తారు. ఆ చేప మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. నేను వాటిని ఫొటో తీసుకుని వదిలేస్తాను. ఇంట్లో దీని మీద నాకు మద్దతు లేదు.

దారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రీలు నిండా 30 పౌండ్ల అల్లిక దారం ఉంది, పావు మిల్లీమీటరుకు లోపే మందం. అంతే బలమున్న తంగూసు (ఒంటిపోగు నైలాన్ దారం) దానికి రెట్టింపు లావుంటుంది, గాలికి, ప్రవాహానికి విల్లులా వంగుతుంది. అయితే అల్లిక దారం ఒక్కటే కట్టి 100 గ్రాముల గుండు విసిరితే, విసురు జోరుకు పుటుక్కున తెగి, గుండు తుపాకీ తూటాలా పోతుంది. పక్కన మనుషులుంటే ఇంకేమన్నా ఉందా! అందుకే చివర 50 పౌండ్ల తంగూసు ముడి వేయాలి. రాడ్డుకు రెండింతల పొడవు, దాని మీద రీలుకు నాలుగైదు చుట్లు వచ్చేంత ఉండాలి. విసిరేటప్పుడు దారాన్ని పట్టి వదిలే చూపుడువేలును ఆ దారం బ్లేడులా కోస్తుంది. ఖరీదైన తొడుగులు కొనక్కర్లేదు, పాత సైకిలు ట్యూబు ముక్క కోసి వేలికి తొడిగితే సరి.

కొన్న ఏడాదికే బయటపడిన లోపం, రాడ్డు పొడవునా దారం దూరి వెళ్లే రింగులది. ఉక్కు చట్రం కాళ్ల దగ్గర, దారం చుట్టి లక్క పూసిన చోట, ఎర్రటి తుప్పు మరక మొదలైంది. తుప్పు పట్టదన్న హామీ పెట్టె మీద ఇంకా చదవొచ్చు. ఒక రింగులోని పింగాణీకి కంటికి కనిపించని పగులు వచ్చి రెండుసార్లు దారం తెగింది. దూది ఉండను ప్రతి రింగులోనూ తిప్పి చూస్తే పగులున్న చోట దూది పోగు చిక్కుకుంటుంది. ఇప్పుడు వెళ్లేముందు ప్రతిసారీ ఆ పరీక్ష చేస్తాను.

రీలు మాత్రం మెచ్చుకోదగ్గది. తీరం నుంచి రాగానే డ్రాగ్, అంటే చేప లాగితే దారం వదిలే బిగింపు, గట్టిగా బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి కడుగుతాను. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. ఆరాక బిగింపు పూర్తిగా వదులు చేసి ఉంచాలి, లేకపోతే లోపలి బిళ్లలు అణిగి పట్టు పోతుంది. మా వీధి బోరు నీళ్లకు తెల్లటి పొర కడుతుంది కాబట్టి గుడ్డతో తుడవడం తప్పదు. రాడ్డు ముక్కల అతుకులకు కొవ్వొత్తి రుద్దితే బిగుతుగా కూర్చుంటాయి, ఊడదీయడమూ సులువే.

రాత్రి వేటకు వెళ్లేవారు జనవరి నుంచి మార్చి దాకా లైట్లు తగ్గించండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే కాలమది, వెలుతురుకు వెనుదిరుగుతాయి. తెగిన తంగూసు ముక్కలు ఇసుకలో వదలకుండా జేబులో వేసుకోండి.

సంచిలో పొడుగు ముక్కు పటకారు, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తప్పనిసరి. జెల్ల వీపు ముల్లు, రెక్కల ముళ్లు రంపపు పళ్లతో, విషంతో ఉంటాయి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ముంచి ఉంచితే సలుపు తగ్గుతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి, ముల్లు ముక్క లోపల విరిగి ఉండవచ్చు. తోకలో విషపు ముల్లుండే టేకు చేప పడితే దాన్ని చేత్తో పట్టుకునే సాహసం చేయకుండా దారం దగ్గరగా కోసి వదిలేయండి. ఒక గాలం పోతే పది రూపాయలు.

నా రాడ్డు కొస ముక్క విరిగితే తయారీదారు దాన్ని విడిగా అమ్మడు, మొత్తం కొత్తది కొనమంటాడు. మీరు ఏ రాడ్డు కొన్నా ముందు దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. దొరుకుతుందంటే ఆ ముక్క కూడా అప్పుడే కొని పెట్టుకోండి.