ఎండ బాగా కాసేచోట వేడినీళ్లకు ఏది మేలు: గీజరా, సోలారా, హీట్ పంపా?

ఎండ దండిగా ఉన్నచోట నీళ్లు కాచుకోవడానికి కరెంటు తగలేయడం దండగ అనే మాట నిజమే. అంతమాత్రాన ‘అయితే మేడ మీద సోలార్ పెట్టించేద్దాం’ అని తేల్చేస్తేనే చిక్కు. ఎండ ఎంత కాస్తుందన్నది ఈ లెక్కలో చిన్న భాగమే. ఇంట్లోవాళ్లు ఏ వేళకి స్నానం చేస్తారు, ట్యాంకు నుంచి బాత్రూముకి పైపు ఎంత దూరం, నీళ్లలో ఉప్పు ఎంత? ఈ మూడూ తెలిస్తే ఏది కొనాలో చాలావరకు తేలిపోతుంది.

ముందుగా ఒక లెక్క. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. 25 డిగ్రీల నీళ్లు 100 లీటర్లు 55 డిగ్రీలకు చేరాలంటే సుమారు 3.5 యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు). ఒంటికి హాయిగా ఉండే వేడి 40 డిగ్రీలు కాబట్టి 55 డిగ్రీల నీళ్లకు సమానంగా చన్నీళ్లు కలుస్తాయి. ఒక మనిషికి 40 లీటర్ల స్నానం అంటే కాగిన నీళ్లు 20 లీటర్లు. చలికాలం కుళాయి నీళ్లు చల్లబడితే 23 లీటర్ల దాకా వెళ్తుంది. నలుగురున్న ఇంటికి పూటకు 100 లీటర్లు సరిపోతాయి. షవర్ కింద పావుగంట నిలబడే అలవాటుంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు, రెట్టింపు వేసుకోవాలి.

మామూలు గీజర్ ఎంత మంచిదైనా ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. అంతకు మించి రాదు. ట్యాంకున్న గీజర్‌ని రోజంతా ఆన్‌లో వదిలేస్తే నిలవున్న వేడి బయటికి పోతూ, సైజుని బట్టీ లోపలి ఇన్సులేషన్‌ని బట్టీ రోజుకు అర యూనిట్ నుంచి ఒకటిన్నర యూనిట్ దాకా అదనంగా లాగుతుంది. ఇన్‌స్టంట్ గీజర్‌కి ఈ నష్టం లేదు గానీ ధార సన్నం. 3 కిలోవాట్ల గీజర్ నీళ్లను 15 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి మూడు లీటర్లలోపే ఇస్తుంది. బకెట్ నిండడానికి అయిదు నిమిషాలు. చలిదేశాల్లో ఇది ఏ మూలకూ రాదు, వెచ్చటి ఊళ్లలో నడిచిపోతుంది.

ఒకరిద్దరే ఉండి, రోజుకు ఒక్కపూటే వేడినీళ్లు వాడే ఇంట్లో దేన్నీ మార్చకపోవడమే మేలు. 25 లీటర్ల గీజర్ థర్మోస్టాట్‌ని 50కి దించి, స్నానానికి అరగంట ముందు వేసుకుని, నీళ్లు కాగాక ఆపేస్తే చాలు. 2 కిలోవాట్ల ఎలిమెంటు 25 లీటర్లను 25 డిగ్రీలు పెంచడానికి 22 నిమిషాలే తీసుకుంటుంది. ఖర్చు మనిషికి ముప్పావు యూనిట్. దీన్ని మిగుల్చుకోవడానికి మేడ మీద 100 లీటర్ల సోలార్ కట్టిస్తే ఆ పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేం.

సోలార్‌లో ప్లేటా, ట్యూబులా?

100 లీటర్లకు సుమారు 2 చదరపు మీటర్ల కలెక్టర్ (ఎండని పట్టి నీళ్లు కాచే భాగం) కావాలి. అది గాజు ట్యూబులతోనైనా ఉంటుంది, రాగి గొట్టాలు బిగించిన ప్లేటుతోనైనా ఉంటుంది. చదరపు మీటరుకి రోజుకు 5 యూనిట్ల ఎండ పడేచోట, సగమే వేడిగా మారినా 5 యూనిట్లు చేతికొస్తాయి. మనకు కావలసింది 3.5 కాబట్టి ఎండ ఉన్న రోజు ఏ రకమైనా సరిపోతుంది.

గాజు ట్యూబులు చవక. రెండు గాజు పొరల మధ్య గాలి తీసేసి ఉండటంవల్ల లోపలి వేడి బయటికి పోదు. మబ్బులోనూ చలిగాలిలోనూ ప్లేటు కంటే మెరుగ్గా పనిచేస్తాయి. కానీ మనం మాట్లాడుకుంటున్నది ఎండ ఉన్న, గాలి వెచ్చగా ఉన్న చోటు గురించి. అక్కడ ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. పైగా ఎండాకాలంలో ఎవరూ వాడని రోజుల్లో ట్యూబుల్లో నీళ్లు మరిగి ఆవిరి తన్నుతుంది. కాబట్టి వెచ్చటి ప్రాంతాల్లో రాగి గొట్టాల ప్లేట్ కలెక్టర్‌కి దక్కాల్సిన పేరు దక్కడం లేదనే అనాలి. ధర ఎక్కువే, కానీ ప్రెషర్ తట్టుకునే ట్యాంకుతో కలిపి తీసుకోవచ్చు, ట్యూబులు పగిలే బాధ ఉండదు. రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి పడే ఎడారి ప్రాంతాల్లో మాత్రం లోపలి రాగి గొట్టాలు చీలిపోతాయి. అక్కడ యాంటీఫ్రీజ్ ద్రవం తిరిగే రకమే తీసుకోవాలి.

తూకాన్ని తిరగేసేది నీళ్లు. ఉప్పునీళ్లయితే, అంటే కఠినత్వం ఎక్కువున్న నీళ్లయితే, ప్లేటులోని సన్నటి రాగి గొట్టాల్లో తెల్లటి పొర కట్టి దారి మూసుకుపోతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం నెలనెలా చల్లబడుతూ వస్తాయి. ట్యూబుల్లోనూ ఆ తెల్లటి పెచ్చు అడుగున పేరుకుంటుంది, కానీ ట్యూబు ఊడదీసి కడుక్కోవచ్చు, లేదా ఒక్కటే మార్చుకోవచ్చు. లీటరుకి 200 మిల్లీగ్రాముల కంటే కఠినత్వం ఎక్కువున్న నీళ్లకు ట్యూబులు మేలు. లేకపోతే ఇంట్లో వాడే నీళ్లూ కలెక్టర్‌లో తిరిగే నీళ్లూ కలవకుండా హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న ప్లేటు తీసుకోవాలి. కఠినత్వం తెలుసుకోవడానికి రంగు మారే టెస్ట్ స్ట్రిప్ ఒక్కటి చాలు. ఈ పని చేయకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ట్యూబుల దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ట్యాంకు ఖాళీ అయి, ఎండలో ట్యూబులు కాలిపోతుండగా మధ్యాహ్నం చన్నీళ్లు వదులుతారు. ఫెళ్లున పగులుతాయి. నింపడం తెల్లవారుజామునో, పొద్దుగూకాకో. ట్యూబు ఎక్కించేటప్పుడు రబ్బరు రింగుని సబ్బునీళ్లతో తడిపి, మెల్లగా తిప్పుతూ నెట్టాలి. పొడిగా తోస్తే రింగు మడతపడి అక్కణ్ణుంచే కారడం మొదలవుతుంది. పనిచేసే ట్యూబు అడుగున వెండి అద్దంలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి చేరినట్టే, ఆ ట్యూబు మార్చాల్సిందే.

పొద్దున స్నానం, సాయంత్రం స్నానం

సోలార్ ట్యాంకు బాగా వేడిగా ఉండేది సాయంత్రం నాలుగు గంటలకు. చాలా ఇళ్లలో నీళ్లు కావలసింది పొద్దున ఆరింటికి. 1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ పేటెంట్ తీసుకున్న, అమ్మకానికి వచ్చిన తొలి సోలార్ హీటర్‌కి ఇదే జబ్బు: అద్దం కింద పెట్టిన ట్యాంకులోనే నీళ్లు కాగి, రాత్రికి అక్కడే చల్లారేవి. 1909లో విలియం బెయిలీ కలెక్టర్‌నీ ట్యాంకునీ విడదీసి, ట్యాంకుకి ఇన్సులేషన్ కట్టాక పొద్దుటి స్నానానికి వేడి మిగిలింది. ఇప్పటి మంచి ట్యాంకు రాత్రంతా కలిపి 5 నుంచి 8 డిగ్రీలే కోల్పోతుంది.

అసలు సమస్య అది కాదు. సాయంత్రం ఇద్దరు స్నానం చేస్తే ఆ మేరకు ట్యాంకులోకి చన్నీళ్లు దిగుతాయి, పొద్దున మిగతా ఇద్దరికి గోరువెచ్చనే మిగులుతుంది. రెండు పూటలా వాడే నలుగురికి 100 కాదు, 200 లీటర్లు పెట్టించుకోవాలి. అప్పుడు నీళ్ల బరువే 200 కిలోలు, అదంతా నాలుగు కాళ్ల మీద ఆనుతుంది. స్లాబు మధ్యలో కాకుండా దూలాల మీద కూర్చోబెట్టాలి.

చాలామంది ట్యాంకులోనే ఎలక్ట్రిక్ ఎలిమెంటు పెట్టించి స్విచ్ ఆన్‌లో వదిలేస్తారు. సాయంత్రం దిగిన చన్నీళ్లను అది రాత్రంతా కాస్తుంది. పొద్దున సూర్యుడొచ్చేసరికి ట్యాంకు నిండా వేడినీళ్లే, కలెక్టర్‌కి చేయడానికి పనే ఉండదు. పేరుకి సోలార్, బిల్లు గీజర్‌ది. ఎలిమెంటుకి టైమర్ పెట్టి, మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం తెల్లవారుజామున గంటసేపు వేసుకోవాలి. పాత గీజర్‌ని పారేయకుండా సోలార్ లైను దాని ఇన్‌లెట్‌కి కలపడం ఇంకా మంచి దారి. వెచ్చగా వచ్చినవి వేడిగా వెళ్తాయి, వేడిగా వచ్చినప్పుడు గీజర్ ఊరుకుంటుంది. కాకపోతే ఎండాకాలంలో సోలార్ నీళ్లు 80 డిగ్రీలు దాటగలవు. గీజర్‌కి ముందు, చన్నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ తప్పనిసరి. చిన్నపిల్లలున్న ఇంట్లో గీజర్ ఉన్నా లేకున్నా ఆ వాల్వ్ ఉండాలి.

పైపుల దగ్గర పోయే వేడి

20 మి.మీ. లోపలి వ్యాసమున్న పైపు మీటరుకి 0.31 లీటర్ల నీళ్లు పడతాయి. 15 మీటర్లకు దాదాపు అయిదు లీటర్లు. వంటింట్లో గిన్నె కడగడానికి రెండు లీటర్లు వదిలితే వచ్చేవన్నీ చన్నీళ్లే. ఈలోగా పైన ట్యాంకులోంచి దిగిన వేడి పైపులో నిలబడి చల్లారిపోతుంది. కాబట్టి దూరపు వంటింటిని సోలార్‌కి కలపకండి. అక్కడ చిన్న ఇన్‌స్టంట్ గీజర్ చాలు. మూడు అంతస్తుల కింద ఉన్న బాత్రూముకీ ఇదే మాట. వేడినీళ్ల లైనుకి మామూలు పీవీసీ పనికిరాదు. ఇన్సులేషన్ మీద ఎండ తగిలితే ఏడాది రెండేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది, పైన అల్యూమినియం తొడుగు వేయించాలి.

గ్రావిటీ మీద నడిచే సోలార్‌లో వచ్చే తగాదాలు చాలావరకు ఎత్తుల దగ్గరే. చన్నీళ్ల ట్యాంకు అడుగు, వేడినీళ్ల ట్యాంకు నెత్తి కంటే కనీసం ఒక అడుగు పైన ఉండాలి. గాలి పోయే వెంట్ పైపు చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తు లేవాలి, దానికి ఎక్కడా వాల్వ్ పెట్టకూడదు. వేడినీళ్ల లైను దిగుతూ మధ్యలో మళ్లీ పైకి లేస్తే ఆ వంపులో గాలి చిక్కుకుంటుంది. చన్నీళ్లు బాగానే వస్తూ వేడినీళ్లు బుస్ బుస్‌మని ఆగుతున్నాయంటే కారణం అదే. ఇంటికి ప్రెషర్ పంపు ఉందా? మిక్సర్ కుళాయిలో బలంగా వచ్చే చన్నీళ్లు వేడి లైన్లోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకులోకి వెళ్తాయి. వెంట్ పైపులోంచి నీళ్లు పొంగుతాయి, ‘ట్యాంకు పాడైంది’ అనుకుంటారు. వేడి లైనుకి నీళ్లను ఒకే వైపు వదిలే నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి పెడితే తీరిపోతుంది. ఆ పంపునే ప్రెషర్ తట్టుకోని ట్యూబుల సిస్టమ్‌కి నేరుగా కలిపితే మాత్రం ట్యాంకు అతుకులు విడిపోతాయి.

హీట్ పంపు సంగతి

ఫ్రిజ్‌ని తిరగేసినట్టు ఇది చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కిస్తుంది. వెచ్చటి గాలిలో ఒక యూనిట్ కరెంటుకి మూడు నుంచి నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. మన 100 లీటర్లకు 3.5 బదులు ఒక యూనిట్, మహా అయితే 1.2. మబ్బయినా రాత్రయినా పనిచేస్తుంది, మేడ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో మధ్య అంతస్తులో ఉండేవాళ్లకు సోలార్ గురించి ఆలోచించే పనే లేదు, ఇదే.

దీన్ని చెడగొట్టేవి రెండు. ఒకటి, ఇరుకు గదిలో పెట్టడం. అది వదిలే చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటూ పనితనం పడిపోతుంది. బాల్కనీలోనో, గాలి ఆడే సందులోనో ఉండాలి, పడకగది గోడకి ఆనించకూడదు, కంప్రెసర్ శబ్దం ఉంటుంది. రెండు, సెట్టింగులు. 50 డిగ్రీల దగ్గర ఆపితే బాగా ఆదా అవుతుంది. 65కి పెంచితే కంప్రెసర్ ఆయాసపడుతుంది, లేదా ‘బూస్ట్’ మోడ్‌లో లోపలి ఎలిమెంటు వెలిగి, ఖరీదైన గీజర్‌గా మారిపోతుంది. నిలవ నీళ్లలో జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా వారానికి ఒకసారి 60 డిగ్రీలకు చేర్చే ప్రోగ్రాం ఉంటే సరి.

ఇది నిదానస్తురాలు కూడా. 700 వాట్లు లాగే యంత్రం 200 లీటర్లను 30 డిగ్రీలు పెంచడానికి సుమారు మూడు గంటలు తీసుకుంటుంది. అందుకే టైమర్‌ని మధ్యాహ్నం పన్నెండుకి పెట్టాలి. గాలి అప్పుడే వెచ్చగా ఉంటుంది. తెల్లవారుజామున నడిపితే అదే పనికి కరెంటు ఎక్కువ తింటుంది. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో రెక్కలకు తుప్పు పట్టని పూత ఉన్నదే అడిగి తీసుకోండి. బండిలో పడుకోబెట్టి తెస్తే వెంటనే ఆన్ చేయకండి, నిలబెట్టి కొన్ని గంటలు వదిలేస్తే కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగుతుంది.

మేడ మీద కరెంటు సోలార్ ప్యానెళ్లు ఇప్పటికే ఉంటే ఇంకో లెక్క చూడాలి. 2 చదరపు మీటర్ల ప్యానెల్ అదే ఎండకి సుమారు 1.6 యూనిట్ల కరెంటు ఇస్తుంది. హీట్ పంపుతో అది దాదాపు 5 యూనిట్ల వేడి. అంటే నీళ్లు కాచే ట్యూబులు అంతే జాగాలో ఇచ్చేదానితో సమానం. తేడా ఏమిటంటే, వేసవిలో వేడినీళ్లు అక్కర్లేనప్పుడు ఆ కరెంటుతో ఫ్యాన్లు తిరుగుతాయి, నీళ్ల ట్యూబులు ఊరికే మరుగుతూ కూర్చుంటాయి. ప్యానెళ్లున్న ఇంటికి పక్కనే ఇంకో నీళ్ల సోలార్ పెట్టించడం వృథా. అదే ప్యానెళ్ల కరెంటుని నేరుగా గీజర్ ఎలిమెంటుకి ఇస్తే 1.6కి 1.6 యూనిట్ల వేడే.

సొంత మేడ, మంచి నీళ్లు, బాత్రూములు ట్యాంకు కిందే ఉన్న ఒకటి రెండు అంతస్తుల ఇంటికి మాత్రం ప్లేట్ సోలార్‌ని కొట్టేది లేదు. తిరిగే భాగాలు లేవు, కరెంటు లేదు. ట్యాంకు బదులు తాను అరిగిపోయే మెగ్నీషియం యానోడ్ కడ్డీని మాత్రం ఏడాదికోసారి చూసుకోవాలి, అది అయిపోతే తుప్పు ట్యాంకుని తినేస్తుంది. ట్యాంకున్న గీజర్లలోనూ హీట్ పంపుల్లోనూ చాలావాటికి కూడా యానోడ్ ఉంటుంది, ఎవరూ గుర్తుచేయరు. ప్లేటుని భూమధ్యరేఖ వైపు తిప్పి, మీ ఊరి అక్షాంశానికి 10 నుంచి 15 డిగ్రీలు కలిపి వాలుగా పెడితే చలికాలపు ఎండ బాగా అందుతుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పడకూడదు.

బిగించినవాళ్లకు చివరి డబ్బు ఇచ్చేముందు ఒక పరీక్ష చేయండి. సాయంత్రం అయిదింటికి ట్యాంకు వేడి కొలిచి, ఎవరూ నీళ్లు వాడకుండా మర్నాడు ఆరింటికి మళ్లీ కొలవండి. పది డిగ్రీల కంటే ఎక్కువ పడిపోయిందంటే ఇన్సులేషన్‌ని తప్పుపట్టేముందు ప్లేటు పై అంచునీ ట్యాంకు అడుగునీ చూడండి. ప్లేటు ఎత్తుగా ఉంటే రాత్రిపూట వేడినీళ్లు వెనక్కి ప్లేటులోకి తిరిగి ఆకాశానికి వేడి వదులుతున్నాయన్నమాట. ట్యాంకు స్టాండుని లేపి, ట్యాంకు కింది భాగం ప్లేటు పై అంచు కంటే ఒక అడుగు ఎత్తున ఉండేలా పెట్టించాలి.