ఊలు ఫెల్ట్ సంచి: ఏళ్ళ తరబడి వాడాక నా మార్కులు

చేత్తో అల్లి వేడినీళ్ళలో కుదించిన ఊలు సంచి ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగేవాళ్ళకి చెప్తున్నా, నాది కొన్నేళ్ళుగా దాదాపు రోజూ నాతోనే తిరుగుతోంది, ఇంతవరకూ ఎక్కడా చిరగలేదు, పోగు లేవలేదు. మేముండేది సియాటిల్ పక్కన బాథెల్‌లో, చలికాలమంతా తుంపర ఆగదు, ఆ తుంపరలోనే బస్సెక్కి దిగుతుంటా. సంచికి పదికి తొమ్మిది ఇస్తా. దాని పట్టీకి మాత్రం నాలుగే.

తెలియనివాళ్ళ కోసం: స్వెటర్ అల్లినట్టే సూదుల మీద అల్లడమే, కాకపోతే మనకి కావలసిన సైజు కంటే బాగా పెద్దగా, బాగా వదులుగా. మామూలుగా నాలుగున్నర మిల్లీమీటర్ల సూదులు సరిపోయే ఊలుకి ఇక్కడ ఆరున్నరవి పడతాం, రెండు పోగులు కలిపి అల్లితే ఎనిమిదివి. అల్లడం అయ్యాక చేతిలో ఉండేది వేలు దూరేంత సందులున్న, మోకాళ్ళ దాకా వేలాడే ఒక వికారమైన మూట, మా ఆయన దాన్ని చూసి ఇది మనిషికా గేదెకా అన్నారు. దాన్ని వేడినీళ్ళలో వేసి బాగా కుదిపితే ఊలు వెంట్రుకల మీదుండే సన్నటి పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని మళ్ళీ విడిపోనంతగా బిగుసుకుపోతాయి, అల్లికే కనిపించని దళసరి గుడ్డ తయారవుతుంది, దాన్నే ఫెల్ట్ అంటారు. కుట్లు ఎగుడుదిగుడుగా వచ్చినా అందులో కలిసిపోతాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళని స్వెటర్ కంటే ముందు ఇదే అల్లమంటాను. బాగా ఫెల్ట్ అయినదాన్ని కత్తెరతో కోసినా అంచు ఊడదు, అది చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

ఊలు ఎంచుకోవడం దగ్గరే అసలు సంగతంతా. నేను వాడింది కాస్కేడ్ 220, వంద గ్రాముల చిలపలో 220 గజాలుంటుంది, కంపెనీ మా సియాటిల్ వైపుదే, ఊలు మాత్రం పెరూది. అదే పేరుతో సూపర్‌వాష్ రకం కూడా అమ్ముతారు, లేబుల్ చూసి కొనండి, ఎందుకంటే ఉతికినా కుదించుకోకుండా దాని పొలుసుల పని ముందే పట్టేసి ఉంటారు, ఎంత మరిగించినా అది ఫెల్ట్ అవ్వదు. అక్రిలిక్ సంగతి సరేసరి. మన ఊళ్ళలో ఊలు అని అమ్మే ఉండల్లో చాలావరకు అక్రిలిక్కే కాబట్టి హైదరాబాద్‌లో చేసేవాళ్ళు వంద శాతం గొర్రె ఊలేనా అని గట్టిగా అడగండి. బ్లీచ్ చేసిన తెల్ల ఊలు ఒక్కోసారి మొండికేస్తుంది. నెబ్రాస్కాలో తయారయ్యే లాంబ్స్ ప్రైడ్ అనే ఊలులో 15 శాతం మొహేర్, అంటే అంగోరా మేక వెంట్రుక, ఉంటుంది, దాంతో చేసిన సంచి నూగుతో ముద్దుగా ఉంటుంది గానీ ఆ నూగంతా నల్ల కోటుకి అంటుకుంటుంది, నాకు నచ్చలేదు.

వాషింగ్ మెషీన్ పైనుంచి బట్టలు వేసే రకమైతే హాయి, మధ్యలో ఆపి చూసుకోవచ్చు. సంచిని జిప్పున్న దిండు కవర్లో పెట్టాలి, లేకపోతే ఊడిన నూగు వెళ్ళి పంపులో ఇరుక్కుంటుంది. తోడుగా పాత జీన్స్ ఒకటి, కొంచెం సబ్బు, బాగా వేడి నీళ్ళు, అయిదేసి నిమిషాలకి ఒకసారి తీసి చూడటం. వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గుతుంది, ఆ లెక్క అల్లేటప్పుడే ఉండాలి. స్పిన్‌లో ఎక్కువసేపు వదిలితే పడిన మడత అలాగే ఉండిపోతుంది. తర్వాత ప్లాస్టిక్ కవర్ చుట్టిన అట్టపెట్టె లోపల దూర్చి ఆరబెట్టాలి, ఈ ఊరి వాతావరణంలో రెండు మూడు రోజులు పట్టేస్తుంది.

ఇక వాడకం. చినుకులు పైపైనే జారిపోతాయి, గట్టి వాన పడితే తడుస్తుంది, తడిస్తే గొర్రె వాసన వస్తుంది, ఆరితే పోతుంది. కొత్తిమీర కట్టలు, టిఫిన్ డబ్బా, లైబ్రరీ పుస్తకాలు అన్నీ మోసింది. అడుగు రెండు పోగులతో అల్లాను కాబట్టి జారలేదు. ఒంటికి రాసుకునే వైపు ఉండలు కడుతుంది, రేజర్‌తో తేలిగ్గా గీకేస్తే పోతాయి. పురుగు భయం నిజమే, ఎండాకాలం వాడనప్పుడు జిప్ కవర్లో పెడతాను. పట్టీ మాత్రం సాగుతూనే ఉంటుంది: గాలన్ పాల క్యాన్ పెట్టి నడిస్తే సంచి నడుము దగ్గర నుంచి తొడ మీదికి దిగిపోతుంది, మళ్ళీ వేడినీళ్ళలో ముంచితే కాస్త ఎక్కుతుంది, నెలకల్లా మామూలే. భుజానికి తగిలించుకోవాలనుకుంటే పట్టీ అల్లొద్దు, తోలుది కొని కుట్టుకోండి.

ఈ తెలివితేటలన్నీ నా సొంతం కాదు, మా లైబ్రరీలో మంగళవారం సాయంత్రాలు కూర్చునే అల్లిక గ్రూపువి. ఎక్కువమంది రిటైరైన ఆడవాళ్ళు, ఒకాయన మేజోళ్ళు తప్ప ఇంకేమీ అల్లడు. వీడియోలో పదిసార్లు చూసినా ఎక్కనిది పక్కనున్న పెద్దావిడ నా వేళ్ళు పట్టుకుని ఒక్క నిమిషంలో సరిచేస్తుంది. ఇంకో లాభం నేను అనుకోనిది. అత్తమ్మ ఆరు నెలలకని వచ్చినప్పుడు ఇంట్లో టీవీ తప్ప దిక్కులేక నీరసపడిపోతుంటే తీసుకెళ్ళాను, చిన్నప్పుడు బడిలో అల్లిక నేర్చుకున్నారట, ఇంగ్లీషు రాకపోయినా రెండో వారానికల్లా నా కంటే ముందే చెప్పులేసుకుని రెడీ. కొమురవెల్లి జాతరలో గొంగళ్ళు కప్పుకున్న కురుమలను చూస్తూ పెరిగిన మనిషి, నా సంచిని పిసికి చూసి, "గొంగడి లెక్కనే ఉన్నది గదనే, దీనికింత మురిపెమా?" అన్నారు. గొంగడి మగ్గం మీద నేసేది, చింతగింజల గంజి పట్టించేది అని ఆవిడ చెప్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పడం, వాళ్ళంతా సూదులు ఆపి వినడం. అమ్మనో అత్తనో రప్పించుకునేవాళ్ళు మీ లైబ్రరీలో ఇలాంటిది ఉందేమో కనుక్కోండి, ఫీజు ఏమీ ఉండదు.

గ్రూపు మీద ఫిర్యాదు ఒక్కటే, ఊలు కొనిపిస్తారు. ఎక్కడ సేల్ పెట్టినా ముందు వాళ్ళకే తెలుస్తుంది, నలుగురూ కలిసి కారులో వెళ్దామంటారు, వెళ్ళాక ఉత్త చేతులతో రావడం మన వల్ల కాదు. మా క్లాజెట్‌లో ఒక అర మొత్తం చిలపలే. అవన్నీ కలుపుకుంటే ఈ సంచి ఎంత పడిందో మాత్రం నన్ను అడక్కండి, మా ఆయన అసలే ఇది చదువుతారు.